బొమ్మలకొలువును బాల్యస్మృతియును

బాల్యమును తలపోసికొనుట వృద్ధుల సొత్తని మనలో ననేకులు భావింతురు. పడకకుర్చీలో గూర్చుండి ‘మా చిన్ననాడు’ అని మొదలిడు తాతగారి మాట మనకు సహజముగ దోచును. పదాఱేండ్ల బాలిక యామాటయే పలికినచో నవ్వుదుము. ‘నీ చిన్నతనము నిన్ననే గదా ముగిసినది! అప్పుడే దానిని తలంచుకొను వయసు వచ్చినదా?’ అని యడుగుదుము. కాని పాశ్చాత్యదేశములందలి కొన్ని ప్రదర్శనశాలలు ఈ నవ్వును మానుకొని చాలకాలమైనది. అమెరికాలోని మినియాపొలిస్ నగరమున వాకర్ ఆర్ట్ సెంటర్ అను సంస్థ 1996లో యౌవనపు గడపమీదనున్న బాలబాలికలతో నొక మండలి నేర్పఱచి, తన పనులలో వారికి పాలొసగినది. ఆ వయసువారి చేతికి ప్రదర్శనశాల తాళపుచెవి యిచ్చినచో వారు చేపట్టుటకు మిక్కిలి సహజమైన విషయము వారి బాల్యమే.

మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో నట్టి ప్రదర్శనమును బాలబాలికలు కూర్పదలచినచో నది యెట్లుండవలెను? దానికి మన దేశమున మాతృక కలదా? కలదేని దానినుండి గ్రహింపదగిన దేమి, విడువదగిన దేమి? ఈ ప్రశ్నలను విమర్శించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పదాఱేండ్లవారి బాల్యస్మృతి నవ్వదగినది కాదనుటకు రెండు కారణములు గలవు. మొదటిది దూరమునకు సంబంధించినది. ఏబదేండ్లు గడచిన పిమ్మట మనము స్మరించు బాల్యము ఊరిన పచ్చడివంటిది. ఘాటు తగ్గి రుచియే మిగులును. నాడు తిన్న బెత్తపుదెబ్బలు నేడు గురుప్రసాదముగ దోచును. నాటి యాకలి ‘ఎంత తక్కువతో తృప్తిపడితిమి’ అను నీతివాక్యమగును. పదాఱేండ్లవారికి ఈ సౌకర్యము లేదు. వారి మోకాలిమీది గాయపుమచ్చ యింకను మాయలేదు. బాల్యమును మఱవకయు, దానిలో మునిగియుండకయు చూడగల వయసు మనుష్యజీవితమున నదియొక్కటియే.

రెండవది కాలమునకు సంబంధించినది. నేడు పదాఱు పదునేడేండ్లవారు 2020 మార్చి నెలలో బడులు మూతపడిననాటికి పది పండ్రెండేండ్లవారు. వారి యాటస్థలము, బడిగంట, ప్రక్కన గూర్చుండు చెలికాడు ఒక్కదినమున దూరమైనవి. చేతిఫోను తెరయే తరగతిగది యయ్యెను. ఫోను లేని యింటి పిల్లవానికి అదియు లేకపోయెను. బడులు మరల నిలకడగ నడచుసరికి వారు వేఱొక వయసువారైరి. మన బాల్యము మెల్లగ జాఱిపోయినది. వారిది నడుమ తెగిపోయినది. తెగినదానిని వెదకికొనుట వేడుక గాదు, అవసరము.

ఇక మాతృక మాట. బాలలు తామే కూర్చు ప్రదర్శనము మనకు క్రొత్త గాదు. బొమ్మలకొలువు కలదు. కొన్ని యిండ్ల దసరాకును, కొన్ని యిండ్ల సంక్రాంతికిని పెట్టు ఈ కొలువును మనము పండుగవేడుకగ జూతుమేగాని ప్రదర్శనకళగ విమర్శించుట యరుదు. వస్తుశాలకు గావలసిన లక్షణములన్నియు దానిలో గలవు. సేకరణము గలదు: ఏటేట నొక్క క్రొత్తబొమ్మనైన చేర్పవలెనను నియమము. సంరక్షణము గలదు: పాతచీరముక్కలలో జుట్టి అటుకమీది పెట్టెలో దాచుట. అమరిక గలదు: బేసిసంఖ్యగ మెట్లు గట్టి, వస్త్రము పఱచి, దేవతలను పైమెట్టునను, మనుష్యులను నడిమిమెట్లమీదను, పశుపక్ష్యాదులను, అంగడిసామగ్రిని క్రిందిమెట్టునను నిలుపుట. ప్రేక్షకులు గలరు: పేరంటమునకు వచ్చినవారు. వ్యాఖ్యానము గలదు: ‘ఇది మా అమ్మమ్మ కొండపల్లినుండి తెచ్చినది, ఇది నిరుడు తిరునాళ్లలో కొన్నది’ అని వ్రేలితో జూపి చెప్పు బాలిక మాట.

మెట్లమీది బొమ్మలలో గొప్ప పనితనము కలదు. కొండపల్లివారు తేలికయైన తెల్లపొణికి కఱ్ఱను జెక్కి, అవయవములను వేఱువేఱుగ జేసి యతికి రంగులు వేయుదురు. ఏటికొప్పాకవారు అంకుడుకఱ్ఱను తరిమెనబట్టి, లక్కరంగులతో నునుపెక్కింతురు. వారి నైపుణ్యమును దక్కువజేయుట నా తలంపు గాదు. కాని కొలువును కొలువుగ జూచినప్పుడు నా కన్ను పైమెట్లమీద నిలువదు. క్రిందిమెట్టు ముందఱ ఆవాలో మెంతులో చల్లి మొలిపించిన పచ్చిక, అద్దపుముక్కతో జేసిన చెఱువు, ఇసుకతో బోసిన బాట, అగ్గిపెట్టెలతో గట్టిన యిండ్లు ఉండును. అవి కొన్నవి గావు, పిల్లలు కల్పించినవి. అద్దము చెఱువగుటకు పెద్దల యనుమతి యక్కఱలేదు. పైమెట్లు పెద్దలవి, నేల పిల్లలది. కొలువునందలి నిజమైన కళ యీ నేలమీదనే కలదు. నేడు బాల్యమునుగూర్చి ప్రదర్శనము గూర్చువారు గ్రహింపదగిన మొదటి పాఠమిదియే: కొన్న వస్తువుకంటె కల్పించిన వస్తువు ఎక్కువ చెప్పును. విలువగల యాటబొమ్మ తండ్రి సంపాదనను జెప్పును. సైకిలు టైరును కఱ్ఱతో దొర్లించిన చక్రము పిల్లవాని బుద్ధిని జెప్పును.

కొలువులోని దోషములను చెప్పక విడిచినచో విమర్శ పొగడ్తయగును. కొలువులో బాలికకు లభించు వినోదములలో ముఖ్యమైనది బొమ్మలపెండ్లి. పెండ్లికొడుకు, పెండ్లికూతురు, పల్లకి, బాజాభజంత్రీలు, విందు, అప్పగింతలు, అన్నియు నందుండును. ఇది యాటయే, కాదనను. కాని బొమ్మకు పెండ్లిచేసిన బాలికకే కొన్ని దినములకు పెండ్లిచేసిన కాలముండెను. ఆటకును బ్రదుకునకును నడుమ నుండవలసిన యెడము ఆ బాలికకు లేకపోయెను. శారదాచట్టమని మనము పిలుచుకొను బాల్యవివాహనిరోధక శాసనము 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిల్ 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. అది బాలికకు విధించిన కనీసవయస్సు 14 ఏండ్లు మాత్రమే. దానిని 18 ఏండ్లకు బెంచుటకు 1978 వఱకు పట్టినది. కాబట్టి మన యమ్మమ్మల బొమ్మలపెట్టెను దెఱచి ‘ఎంత ముద్దులొలుకు బాల్యము!’ అని మురియువారు, ఆ పెట్టె ఏ వయసున మూయబడెనో యడుగవలెను.

రెండవ దోషము గడపకు సంబంధించినది. కొండపల్లిబొమ్మలలో తాటిచెట్టెక్కు గీతకార్మికుని బొమ్మ ప్రసిద్ధము. కుండలుచేయు కుమ్మరి, బట్టలుతుకు చాకలి, బండితోలు రైతు గూడ బొమ్మలై మెట్లమీద నిలిచిరి. గీతకార్మికుని బొమ్మకు నట్టింట చోటుండెను. గీతకార్మికుని కూతురికి ఆ నట్టింట చోటుండెనా? పేరంటపు పిలుపు ఏ వీథిదాక పోయి యాగెను? బొమ్మగ వచ్చినవానిని కొలువు మన్నించినది. మనిషిగ వచ్చినవానిని గడపవద్ద నిలిపినది. నేటి బాలబాలికలు కూర్చు ప్రదర్శనమునకు ఈ దోషమంటకుండుగాక! అది బడిలోనో ప్రజాశాలలోనో జరుగును గావున గడప యుండదని మనమనుకొందుము. కాని ఒకే తరగతివారు, ఒకే వీథివారు, ఒకే బడివారు తమ వస్తువులనే తెచ్చిపెట్టినచో కనబడని గడప యొకటి యచటను లేచును.

పెద్దలు కూర్చిన బాల్యమెట్లుండునో తెలియుటకు హైదరాబాదులోని సాలార్జంగు మ్యూజియమును జూడవచ్చును. 1951 డిసెంబరు 16వ తేదిన ప్రజలకు దెఱవబడిన యా శాలలో బాలలకొఱకు ప్రత్యేకవిభాగము గలదు. అందలి యాటబొమ్మలను, సీసముతో బోసిన చిన్న సైనికుల దండును చూచి మెచ్చని పిల్లవాడుండడు. అయినను విమర్శకుడు చెప్పవలసినది గలదు. అది బాలలు చూచుటకు కూర్చినదేగాని బాల్యము తన్నుగూర్చి తాను చెప్పుకొన్నది గాదు. అద్దము వెనుక సైనికులు వరుసతప్పక నిలిచియుందురు. పిల్లవాని చేత బడిన సైనికుడు అంత తిన్నగ నిలుచునా? ఒకని చేయి విఱుగును, ఒకడు పోవును, ఒకనికి పేరుండును. ఈ యద్దపు చిక్కును గ్రహించియే కాబోలు, 1899లో న్యూయార్కునందలి బ్రూక్లినులో నెలకొల్పబడిన బాలల మ్యూజియము వస్తువులను చేతబట్టి నేర్చుకొనుటకు బ్రసిద్ధికెక్కినది. చేతికందని యాటబొమ్మ ఆటబొమ్మ గాదు, ఆభరణము.

వస్తువునకును స్మృతికిని గల సంబంధమునుగూర్చి మన సీమ సాహిత్యమే చక్కని సాక్ష్యమిచ్చుచున్నది. పదాఱవ శతాబ్దిలో పింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల ప్రభువైన కృష్ణమరాజునకు కృతియిచ్చెను. అందు మధురలాలస యను పసిపాప గలదు. ఆమె మెడలో వేసిన హారమునందలి మణి యెదకు దాకినప్పుడు ఆ పసికందునకు పూర్వజన్మస్మృతి కలిగి మాటలాడును. మణి యెడమైనచో మరల నెప్పటి పసిపాపయే. ఈ కల్పనలో ప్రదర్శనకళకు గావలసిన సూత్రమిమిడియున్నది. మణి పెట్టెలోనున్నంతకాలము ధనము; ఎదకు దాకినప్పుడే కథ. ఆ కథయైనను కేవల మధురము గాదు. దానిలో ప్రేమ కలదు, వంచన కలదు, వధ కూడ కలదు. స్మృతి నిజమైనచో తీపిని మాత్రమే యేరి తేజాలదు. తీపిమాత్రమే తెచ్చినది స్మృతి గాదు, అలంకారము.

ఇంకొక సాక్ష్యము శిలారూపముననే యున్నది. ఆళ్లగడ్డకు జేరువనున్న యహోబిలపు కొండలలో ప్రహ్లాదబడి యను నొక గుహ గలదు. యాత్రికులు పిల్లలను వెంటబెట్టుకొని యక్కడికి బోవుదురు. ఇది దేవస్థలమన్నమాట ప్రక్కనుంచి, బాల్యమునకు నిలిపిన స్మారకముగ దానిని భావించి చూడుడు. ఆ బడి కథలో గోరుముద్దలు లేవు. గురువులు చెప్పిన పాఠమును ఒప్పని శిష్యుడున్నాడు. కొడుకు తనవలె పలుకలేదని వానిని చంపింపజూచిన తండ్రి యున్నాడు. బాలుని ‘కాదు’ అను మాటను మన పూర్వులు ఇన్ని తరములు తలదాల్చిరి. కాని మన యింటి బాలుడు ‘కాదు’ అన్నప్పుడు మనమే చండామార్కులమగుదుము! బాల్యప్రదర్శనమున పిల్లలు తమ భయములను, తమ కోపములను, తాము పడిన యవమానములను చూపింపదలచినచో ‘ఇవి పండుగనాడు చూపదగినవి గావు’ అని త్రోసివేయు పెద్దలు ప్రహ్లాదబడికి బోయి యేమి చూచి వత్తురో నాకు తెలియదు.

ఇక ఆళ్లగడ్డ పేరు దేశమంతట మ్రోయించునది శిల్పము. అచటి శిల్పులు రాతిని మలచి చేసిన దేవతావిగ్రహములు దూరపుటూళ్ల గుళ్లలో పూజలందుకొనుచున్నవి. శిల్పి యింట పుట్టిన పిల్లవానికి ఉలిచప్పుడే జోలపాట. తండ్రి ప్రక్కన గూర్చుండి వ్యర్థపు రాతిముక్కమీద మొదట గీచిన ఏనుగుతొండమో తామరరేకో ఆ పిల్లవాని యాటబొమ్మ. అట్టి రాతిముక్క యొకటి ప్రదర్శనమున నుండిన, దానికి సరివచ్చు వస్తువు ఏ దుకాణమునను దొరకదు. కాని యక్కడనే యొక కఠినమైన ప్రశ్న గలదు. ఆ యులి బడి విడిచిన సాయంకాలపు వినోదమా, లేక బడిని విడిపించిన బరువా? బాలకార్మికులనుగూర్చి 1986లో వచ్చిన శాసనమును 2016లో సవరించి, 14 ఏండ్లలోపువారిని పనిలో బెట్టుటను నిషేధించిరి. బడివేళలు గానప్పుడు ప్రమాదకరముగాని యింటిపనిలో తల్లిదండ్రులకు తోడ్పడుట కెడమిచ్చిరి. శాసనము గీచిన గీత సన్ననిది. ఆ గీతకు ఏప్రక్కన తాను పెరిగెనో ఆ పిల్లవానికే తెలియును. ఇది శిల్పికులమునకే చెందిన ప్రశ్న గాదు. మిరపకోతకు బోయిన బాలికకును, హోటలులో బల్లలు తుడిచిన బాలునకును చెందినదే. పలక ప్రక్కన ఉలిని, ఉలి ప్రక్కన కొడవలిని నిలుపని బాల్యప్రదర్శనము సగము బాల్యమునే చూపును.

మఱుగుపడిన సగములో బాలికలు ముఖ్యులు. బాల్యవివాహము తాతలనాటి ముచ్చట యని నమ్మువారికి ఒక లెక్క చెప్పవలెను. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 20 మొదలు 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 29.3 మంది 18 ఏండ్లు నిండకమున్నే వివాహితలు. దేశమంతటి సగటు 23.3. అనగా మనము దేశముకంటె వెనుకబడియున్నాము. ఉపాధ్యాయునకు ఈ లెక్క పుస్తకములో గాదు, హాజరుపట్టీలో కనబడును. వేసవి సెలవుల పిమ్మట పేరు పిలిచినప్పుడు పలుకు లేదు. ప్రక్క బాలికలు తలవంచుకొందురు. ఎవరును గట్టిగ చెప్పరు, కాని తరగతి కంతకును తెలియును. పదాఱేండ్లవారు తమ బాల్యమును ప్రదర్శించునప్పుడు, ఆ పలుకని పేరుగల బాలిక వయస్సును పదాఱే. ఆమె వస్తువు ఆ బల్లమీద ఏది?

ఇందుకు నేనొక చిన్న యుపాయమును సూచింపగలను. ప్రదర్శనమున నుంచు ప్రతివస్తువు క్రిందను నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాయవలెను. ఇది ఎవరిది? ఎట్లు వచ్చినది? దీనితో ఏమి యాడితివి? దీనిని ఎందుకు విడిచితివి? మొదటి మూడింటికి సమాధానములు ముద్దుగ నుండును. నాలుగవదే పరీక్ష. ‘పెద్దవాడనైతిని గనుక’ అని యొకడు వ్రాయును. అది యదృష్టవంతుని బాల్యము. ‘చెల్లెలికిచ్చితిని’ అని యొకతె వ్రాయును. ‘వానకు ఇల్లు తడిసి పాడైనది’, ‘ఊరు విడిచి వలసపోయినప్పుడు మూటలో పట్టలేదు’, ‘అమ్మకు జబ్బుచేసి వంట నాపై బడినది’, ‘పెండ్లిచేసిరి’ అని మఱికొందఱు వ్రాయుదురు. ఈ సమాధానములను ఒక్కవరుసలో చదివినవానికి మన సంఘచరిత్ర వేఱుగ చెప్పనక్కఱలేదు. బడి మానినవారియొద్దకు తోడివిద్యార్థులే పోయి, వారి యిష్టముతో, వారికి బాధ కలుగునేని పేరు చెప్పకయే ఆ వస్తువును, ఆ మాటలను తీసికొనిరావలెను. ఇచ్చుట కిష్టపడనివారి నిమిత్తము బల్లమీద నొక చోటు ఖాళీగ విడువవచ్చును. ఆ ఖాళీయు నొక ప్రదర్శనవస్తువే.

దీనికి గొప్ప భవనమక్కఱలేదు. 2022 ఏప్రిల్ 4వ తేదిన నంద్యాల ప్రత్యేకజిల్లా యైనది. క్రొత్తజిల్లాకు కార్యాలయములు గావలసినట్లే తన్ను దాను చూచుకొను నద్దమును గావలెను. బడిలోని పొడుగుగది చాలును, బల్లలే మెట్లు. పెద్దలు చేయవలసినది స్వల్పము, చేయకుండవలసినది విస్తారము. వస్తువులను కడిగి మెఱుగుపెట్టవలదు. పిల్లలు వ్రాసిన వాక్యములను దిద్ది వ్యాసములుగ జేయవలదు. ఉత్తమవస్తువునకు బహుమానము ప్రకటింపవలదు. బహుమానమన్నంతనే ఖరీదైన బొమ్మ ముందుకును, విఱిగిన బొమ్మ వెనుకకును బోవును. ప్రారంభోత్సవమున పెద్దల యుపన్యాసము లెంత తగ్గిన నంత మేలు. సందర్శకులను నడిపించి వివరించు పని పిల్లలదే కావలెను. కొలువులో వ్రేలితో జూపి చెప్పిన బాలిక మనకిచ్చిన సంప్రదాయమదియే.

ఒక యాక్షేపణమునకు సమాధానము చెప్పవలెను. ‘పిల్లలు సంతోషముకొఱకు ప్రదర్శనము పెట్టుకొన్నచో దానిలో సంఘసంస్కారమును దూర్చుటేల? వారి నవ్వును గూడ పాఠము చేయవలెనా?’ అని కొందఱందురు. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. నవ్వును వెలివేయుమని నేననుట లేదు. గోళీలు, బొంగరములు, అచ్చనగాయలు, లక్కపిడతలు నిండుగ నుండనిండు. చూచువారు నవ్వవలెను, తాము గూడ నొక బొంగరము త్రిప్పి చూడవలెను. కాని నలుగురి నవ్వును బాల్యమని పేరుపెట్టి, ఐదవవాని మౌనమును గదివెలుపల నుంచినచో అది సంతోషము గాదు, అజ్ఞానము. పిల్లలకు ఈ భేదము మనకంటె బాగుగ తెలియును. ఆటలో ఒకరిని చేర్చుకొనకపోవుట ఎంత బాధయో వారు నిన్నమొన్ననే యనుభవించిరి.

కావున నా నిర్ణయమిది. బొమ్మలకొలువునుండి నేలమీది కల్పనను, చూపి చెప్పు బాలిక ధైర్యమును గ్రహింతము. పైమెట్టు గర్వమును, గడపను విడుతము. తమ బాల్యమును తామే కూర్చి చూపు నధికారమును పదాఱేండ్లవారికి సంకోచింపక యొసగుదము. వారు చూపినది మనకు నచ్చకపోవచ్చును. మన బెత్తములు, మన తొందఱపాటు పెండ్లిమాటలు, మనము ‘తరువాత చూతము’ అని త్రోసిపుచ్చిన యడుగులు అందు కనబడవచ్చును. అప్పుడు చేయవలసినది ఆ గదినుండి లేచిపోవుట గాదు. నాలుగవ ప్రశ్నకు వారు వ్రాసిన సమాధానమును నిలిచి కడవఱకు చదువుట.